బూట్లతో తూగిన నాలుగు నెలలు

ముందుగా నా తెలివితక్కువతనం నేనే ఒప్పేసుకుంటాను. ఇంకొకరు కనిపెట్టి చెప్పే కంటే అదే మర్యాద. తూకం వేయడమే ఉద్యోగంగా బతికిన మనిషిని నేను. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, ముడిసరుకు తూచే గదిలో ఆరేళ్లు పనిచేశాను. పొద్దున్నే కాటాను సున్నాకు తెచ్చి, ప్రమాణపు రాళ్లు పెట్టి సరిచూసి, డబ్బా బరువు తీసేశాక గానీ లోపలి సరుకు తూచేదాన్ని కాదు. చిటికెడు తేడా వచ్చినా బ్యాచ్ మొత్తం ఆపేసిన రోజులున్నాయి. అలాంటి నేను, కడుపుతో ఉన్నప్పుడు, ముందు ఇనుప రేకు ఉండే సేఫ్టీ బూట్లు వేసుకుని ఆసుపత్రి కాటా ఎక్కాను. ఒక్కసారి కాదు, వరసగా నాలుగు నెలలు. మొదటిసారి పొరపాటున, మిగతా మూడుసార్లు తెలిసే.

నవ్వుకోండి. పాప పక్కనే కాళ్లాడిస్తూ పడుకుంది కాబట్టి ఇప్పుడు నేనూ నవ్వగలుగుతున్నాను. ఇదంతా రాస్తున్నది నా మనసు కుదుటపడటానికి సగం, నాలాంటి తెలివైనవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల కోసం సగం.

మూడో నెలలో కబురు ఖాయమైంది. అదే వారం మా ఆయన రమేశ్‌ను కంపెనీ గుజరాత్ పంపింది. ఆయన పైపుల ఫిట్టరు. అక్కడ కొత్త ప్లాంటు కడుతున్నారు. ఆరు నెలల పని అన్నారు. కంపెనీ లెక్కలో ఆరు నెలలు ఎన్నాళ్లో ఫిట్టర్ల పెళ్లాలందరికీ తెలుసు. మా అమ్మ పోయి నాలుగేళ్లు. అత్తమ్మ జోగిపేటలో చిన్న కొడుకు దగ్గర ఉంటుంది. రెండు బర్రెలను వదిలి రాలేదు. బర్రెలకు పాలు పిండేవాళ్లు కావాలి, కోడలికి ఫోనుంది కదా.

తెలిసినవాళ్లంతా ఒకే మాట అన్నారు: "నువ్విప్పుడు వట్టి మనిషివి కాదు." నిజమే, నేను వట్టి మనిషిని కాను. ఇల్లే వట్టిది.

మందుల దుమ్ము పడకూడదని ఫ్యాక్టరీలో నన్ను రికార్డుల గదికి మార్చారు. మంచి మనసుతోనే మార్చారు. కానీ అక్కడ ఫైళ్లు తప్ప పలకరించేవాళ్లు లేరు. ఆ గదికి చేరాలన్నా ప్లాంటు దాటాలి కాబట్టి బూట్లు మాత్రం తప్పలేదు. తూకం గదిలో ఒక నియమం ఉండేది. ఒకరు తూస్తే, ఇంకొకరు పక్కన నిలబడి చూసి రెండో సంతకం పెట్టాలి. సాయంత్రం కిరాయి గదికి వచ్చి కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ రెండో సంతకం గుర్తొచ్చేది. నేనేం తిన్నానో, ఎంత వదిలేశానో చూసేవాళ్లు లేరు. అన్నం ఉడుకుతుంటే వచ్చే వాసన పడేది కాదు. పొద్దుగూకితే ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే ఘాటు వాసన అంతకంటే పడేది కాదు. రెండింటి మధ్య నేను రెండు బిస్కెట్లు తిని పడుకునేదాన్ని.

మధ్యాహ్నం ఒంటిగంటకు అత్తమ్మ ఫోన్ చేసేది.

"ఏం దిన్నవ్ రజితా?"

"అన్నం, పప్పు, అత్తమ్మా."

"ఎంత దిన్నవ్?"

"ఒక గిన్నె."

"జెర తగ్గించు బిడ్డా. కడుపుల పిల్ల పెద్దగైతే కాన్పు కష్టమైతది. కడుపు కోస్తరు. పూటకు పిడికెడు తగ్గిస్తే పిల్ల సన్నగ ఉంటది, సక్కగ బయటికొస్తది."

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఈ మాట నమ్మకూడదని నాకు తెలుసు. కానీ ఆపరేషన్ బల్ల మీద పడుకుని ఉంటే, తలుపు బయట నిలబడాల్సిన మనిషి గుజరాత్‌లో పైపులు బిగిస్తూ ఉంటాడన్న తలపే నన్ను సగం చంపేది. పైగా తిండి దిగని మనిషికి 'తక్కువ తిను' అనే సలహా ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించనక్కరలేదు. వండకపోతే బద్ధకం అనుకునే బదులు జాగ్రత్త అనుకోవచ్చు. అత్తమ్మ పిడికెడు తగ్గించమంది, నేను గుప్పెడే తిన్నాను.

నేను చూపించుకున్నది హైవే పక్క సందులో ఉన్న చిన్న నర్సింగ్ హోమ్‌లో. అక్కడ చీటీ రాసే అమ్మాయి ప్రతి నెలా ఒకే ప్రశ్న అడిగేది.

"పేషెంట్‌తోని ఎవలొచ్చిండ్రు?"

"నేనే."

"నువ్వు పేషెంటువు గదమ్మా?"

"రెండూ నేనే."

మొదటి రెండు నెలలూ ఆమె నవ్వింది. ఆ తర్వాత అడగకుండానే 'తోడు' అన్న గడిలో అడ్డగీత పెట్టేసేది. హాల్లో మిగతావాళ్లు తల్లితోనో, వదినతోనో, కనీసం తగువులాడే మొగుడితోనో వచ్చేవారు. ఒకామె అరటిపండు ఒలిచి కూతురి నోట్లో పెడుతుంటే నేను గోడ మీది టీకాల పట్టిక చదివేదాన్ని. ఆ పట్టిక నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

మూడో నెలలో ఆదివారం కాబట్టి చెప్పులతో తూగాను. నాలుగో నెలలో ఫ్యాక్టరీ బస్సు ఆలస్యమైంది. దిగి నేరుగా వెళ్లిపోయాను. కాటా చీటీ బల్ల పక్కనే, నడవాలో ఉండేది. తూకం చూసే రేణుక సిస్టర్ చుట్టూ ఒకటే రద్దీ. బూట్లు విప్పమని ఆమె అనలేదు, నాకూ తట్టలేదు. లోపల డాక్టరమ్మ చీటీ చూసి, "గుడ్. కిలోకు పైన పెరిగావు. ఇలాగే తిను," అంది.

ఆ 'గుడ్' విన్నాక ఎంతసేపు బస్టాపులో నిలబడ్డానో తెలియదు. రెండు నెలలుగా నన్ను మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఇంటికొచ్చి లేసులు విప్పుతుంటే అసలు సంగతి వెలిగింది. ఆ పెరిగిన కిలో చిల్లర నా కాళ్ల నుంచి ఊడి, మంచం కింద పడింది.

అప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తే ఇదంతా రాసే పని ఉండేది కాదు. చెప్పలేదు. ఐదో నెలలో కావాలనే బూట్లతో వెళ్లాను. తీరా చూస్తే బూట్లు పెరగవు కదా. నెలనెలా పెరగాల్సింది నేను. అందుకని చేతిసంచీ భుజాన ఉంచుకునే కాటా ఎక్కాను. ఆరో నెలలో ఆ సంచీలోకి టిఫిన్ డబ్బా చేరింది, ఎక్కేముందు కడుపు నిండా నీళ్లు చేరాయి. నీళ్లోసుకున్న మనిషి నీళ్లు తాగి తూగడం ఎక్కడైనా ఉందా? మా ఇంట్లో ఉంది. డాక్టరమ్మ ప్రతిసారీ "గుడ్" అంది. నేను ప్రతిసారీ దాన్ని ఇంటికి తెచ్చుకుని, దానితోనే రెండు రోజులు బతికాను.

రమేశ్ వీడియో కాల్లో "సిన్నగైనవేంది మొఖం?" అని అడిగితే, "ఫోన్ దూరంగా పట్టుకున్న," అన్నాను.

ఏడో నెలలో స్కానింగ్. డాక్టరమ్మ తెర వైపు చూసింది, నా చీటీ వైపు చూసింది, మళ్లీ తెర వైపు చూసింది. "తల్లి పెరుగుతోంది. బిడ్డ పెరగాల్సినంత పెరగట్లేదు. ఇదేంటో నాకు అర్థం కావట్లేదు," అని రక్తపరీక్షలు రాసింది. సంగారెడ్డి పెద్దాసుపత్రిలో ఇంకో స్కాన్ రాసింది. బిడ్డకు అందాల్సింది అందకుండా లోపల ఏదో అడ్డుపడుతోందేమో అంది. రోగం నా బూట్లలో ఉంటే ఆమె పాపం నా రక్తంలో వెతుకుతోంది. తప్పు తూకం చేతికిస్తే ఎంత మంచి డాక్టరైనా తప్పు దారినే వెళ్తుంది. ఇది నాకంటే బాగా ఎవరికి తెలియాలి?

ఇలాంటప్పుడు నోరు తెరవాలి. నేను చీటీ తీసుకుని బయటికొచ్చి కూర్చున్నాను. గంటసేపు కూర్చున్నాను. లోపల బిడ్డ కదిలితే బతికున్నందుకు ఊపిరి పీల్చుకున్నాను, కదలకపోతే ఊపిరి బిగబట్టాను. చివరికి లేచి రేణుక సిస్టర్ దగ్గరికి వెళ్లి, "సిస్టర్, నన్ను మళ్లీ తూచండి," అన్నాను.

"ఇందాకనే గద మేడం తూచిన?"

"బూట్లు లేకుండా."

కుర్చీలో కూర్చుని విప్పబోయాను. పొట్ట అడ్డొచ్చింది. చేతులు లేసుల దాకా చేరలేదు. రోజూ మంచం మీద కాలు పెట్టుకుని ఎలాగో కట్టుకునేదాన్ని. అందరి ముందూ ఆ ఆసనం వేయలేకపోయాను. రేణుక సిస్టర్ ఒక్క క్షణం చూసి, చీటీల కట్ట బల్ల మీద పెట్టి, నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నేను వద్దంటుంటే కూడా లేసులు విప్పి ఒక బూటు లాగింది. దాన్ని చేత్తో పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"అమ్మో, ఏందిది? ఇనుమా?"

"ముందు రేకుంటుంది. ఫ్యాక్టరీవి."

"ఎన్నోసారి ఇవి తొడుక్కొని తూగుడు?"

"నాలుగోసారి."

తిడుతుందనుకున్నాను. ఆమె రెండో బూటు కూడా విప్పి, నా పాదాలు చూసి, "కాళ్లు గూడ సల్లగున్నయ్. ఎవలన్న ఉన్నరా ఇంట్ల?" అని అడిగింది. అడ్డగీత పెట్టకుండా ఎవరో ఆ ప్రశ్న అడిగారు. అప్పుడు ఏడ్చాను. నాకంటే పక్కనున్న అరటిపండు అమ్మ ఎక్కువ కంగారుపడింది.

వట్టి కాళ్లతో, సంచీ దించి తూగితే, మూడో నెల నుంచి నేను పెరిగింది దాదాపు ఏమీ లేదు. సిస్టర్ ఆ అంకె రాసి, నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ మాత్రం తిట్టింది. తిట్టాల్సినంతా తిట్టాక, రాసిన పరీక్షల్లో సగం కొట్టేసి, "తక్కువ తింటే కాన్పు సులువవుతుందని ఎవరు చెప్పారు?" అంది.

"మా అత్తమ్మ."

"సన్నపిల్ల పుడితే ఆమె సాకుతుందా? తక్కువ తింటే బిడ్డకు బలం తగ్గుతుంది. ఆపరేషన్ తప్పుతుందని గ్యారంటీ ఏమీ లేదు. నువ్వు తిను. రోజూ తిను. వారం వారం వచ్చి తూగు, వట్టి కాళ్లతో."

అక్కడితో బుద్ధి రావాలి కదా, రాలేదు. నాలుగు నెలల బాకీ ఒక్క వారంలో తీర్చేద్దామనుకున్నాను. పూటకో లడ్డూ, గ్లాసుల కొద్దీ కూల్‌డ్రింకులు, నెయ్యి ఓడుతున్న ఉప్మా. వారం తిరిగేసరికి కాటా మీద అంకె బాగానే పెరిగింది. గర్వంగా లోపలికి వెళ్తే డాక్టరమ్మ బీపీ చూసింది, పాదాలు నొక్కి చూసింది, మళ్లీ తిట్టింది. "నాకు కావాల్సింది బరువు కాదమ్మా, తిండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు, పల్లీలు. కొంచెం కొంచెం, రెండు మూడు గంటలకోసారి. ఉన్నట్టుండి బరువు పెరిగి, మొహం, చేతులు ఉబ్బితే, తలనొప్పి వస్తే సంతోషపడి ఇంట్లో కూర్చోకు, వెంటనే పరుగెత్తుకు రా." ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పేనని అప్పుడు తెలిసింది. కాటా దగ్గర ఆరేళ్లు నిలబడి నేర్చుకున్నదీ అదే. దాన్ని నాకు వర్తింపజేయడమే మర్చిపోయాను.

చెప్పడం సులువు. తినాల్సిన ముద్ద మాత్రం నా గొంతు దగ్గరే ఆగేది. ఆ ముద్దను దించింది మా ఎదురు గదిలోని కుని భాభీ. వాళ్లది ఒడిశా. ఆమె భర్త ఇనుము కరిగించే మిల్లులో పనిచేస్తాడు. రెండేళ్లుగా ఎదురెదురు తలుపులు మావి. నవ్వుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. ఒకరోజు నేను గడపలో కంచం పట్టుకుని కూర్చుని అన్నం కెలుకుతుంటే చూసి, తన కంచం తెచ్చుకుని నా ఎదుట చతికిలపడింది.

"అకేలే మే ఖానా నహీ ఉతర్తా," అంది. ఒంటరిగా ఉంటే తిండి దిగదు, అని. డాక్టరమ్మ చదువులో లేని మాట అది.

ఆ రోజు నుంచి సాయంత్రం ఆరింటికి రెండు తలుపుల మధ్య నడవాలో కూర్చుని తినేవాళ్లం. ఆమె నా పప్పు తిని "బహుత్ ఖట్టా" అని, పులుపెక్కువని మొహం ముడిచేది. నేను ఆమె ఆవపిండి కూర తిని కళ్లనీళ్లు పెట్టుకునేదాన్ని. ఆమె ఊళ్లో వదిలొచ్చిన కొడుకు గురించి చెప్పేది. నాకు సగం అర్థమయ్యేది. సగం అర్థం కాకపోయినా ముద్ద దిగేది. పొద్దున గుడ్డు, పదింటికి రికార్డుల గదిలో పల్లీలు, కాంటీన్లో పప్పు రెండు గరిటెలు. ఫైళ్ల మధ్య పల్లీల పొట్టు దొరికిందని మా సూపర్‌వైజర్ ఆడిటర్ల పేరు చెప్పి భయపెట్టాడు గానీ, పల్లీలు మాత్రం ఆపలేదు.

రేణుక సిస్టర్ ప్రతి శనివారం వట్టి కాళ్లతో తూచేది. "నూటయాభై గ్రాములు. మంచి గ్రాములు," అనేది. ఒక వారం ఏమీ పెరగకపోతే నా మొహం చూసి, "కాటా గూడ రెస్టు తీసుకుంటది మేడం," అంది. అత్తమ్మ ఫోన్ చేస్తే మాత్రం "తగ్గించే తింటున్న," అని చెప్పేదాన్ని. నిజం చెప్పే ధైర్యం రాలేదు. అబద్ధాలు కాటా మీద మానేశాను గానీ ఫోన్లో మానలేదు.

తొమ్మిదో నెలలో నొప్పులు మొదలయ్యాక బిడ్డ గుండె చప్పుడు తగ్గిందన్నారు. ఆపరేషన్ చేశారు. ఏ ఆపరేషన్ తప్పించుకోవాలని తిండి మానేశానో అదే. సంతకం నేనే పెట్టుకున్నాను. బయట కుని భాభీ నిలబడింది. అందరూ ఆమెను మా అక్క అనుకున్నారు. నేను కాదనలేదు.

పాప చిన్నగా పుట్టింది. భయపడినంత చిన్నగా కాదు. నాలుగు రోజులు అద్దాల గదిలో ఉంచారు. నేను గోడ పట్టుకుని నడిచి వెళ్లి అద్దం ఇవతల నిలబడేదాన్ని. నర్సు పాపను తూచే ముందు కాటా సున్నాలో ఉందో లేదో చూడటం నా పని. గుడ్డ బరువు తీసేశారా అని రోజూ అడిగేదాన్ని. "తీసేసినమమ్మా," అని రోజూ విసుక్కునేవారు. ఆ రెండు నెలల గుడ్లూ పల్లీలూ పనికొచ్చాయని డాక్టరమ్మ అంది. ముందు నాలుగు నెలల గురించి ఏమీ అనలేదు. అది నేనే అనుకున్నాను, అద్దం ముందు నిలబడి, చాలాసార్లు.

రమేశ్ కాన్పైన మర్నాడు దిగాడు. అత్తమ్మ కాన్పు రోజు సాయంత్రానికే బర్రెలను పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చేసింది. అత్తమ్మా నేనూ అద్దం దగ్గర ఉన్నప్పుడు నేను మొత్తం చెప్పేశాను. బూట్లు, నీళ్లు, పిడికెడు, అన్నీ.

"నా పెద్దపిల్ల మస్తు బరువుండె," అంది అత్తమ్మ. "రెండు దినాలు నొప్పులు. పుట్టింది గని ఏడ్వలే. రమేశ్‌గాడు కడుపుల పడ్డంక మా అత్త నాకు పిడికెడు పిడికెడు కొలిచి పెట్టింది. గాడు బతికిండు. నాకు గదే తెలుసు బిడ్డా."

నా కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. మోసుకునే ఇంటికి వచ్చాను. అక్కడ చూడ్డానికి వచ్చిన చుట్టాలతో అత్తమ్మ, "సన్నగున్నది గని గట్టిపిల్ల. కోడలు నేను చెప్పినట్టే దిన్నది," అంటుంటే ఆ కోపం ఇంకాస్త బరువెక్కింది.

పాపకు ఆరు నెలలు నిండాక జోగిపేట వెళ్లాం. మా మరిది భార్య మౌనికకు అప్పుడు నాలుగో నెల. మధ్యాహ్నం అన్నాల దగ్గర అత్తమ్మ మౌనిక కంచంలో ఒక గరిటె పెట్టి, దాన్లోంచి కొంచెం మళ్లీ గిన్నెలోకి తీసేసింది. మౌనిక తల వంచుకుని కూర్చుంది. నేను లేచి అత్తమ్మ చేతిలోంచి గిన్నె తీసుకున్నాను. మౌనికకు రెండు గరిటెల అన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు వేశాను.

"గంత బువ్వ ఎట్ల దింటదే ఒక్కతి?" అంది అత్తమ్మ.

"ఒక్కతి తినదు. మీరూ కూసోండి."

అందరూ తిని లేచాక వంటింట్లో అడుగు మిగిలినది తినడమే నలభై ఏళ్లుగా ఆమె అలవాటు. నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ముందు కంచం పెట్టి, మూడు గరిటెల అన్నం గుమ్మరించాను. "చాలు, చాలు," అంది. నాలుగోది కూడా వేసి, అది అయిపోయేదాకా లేవనని చెప్పి, పాపను ఒళ్లో వేసుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. మౌనిక నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగింది.

అత్తమ్మ నా వైపు చూసింది, అన్నం గుట్ట వైపు చూసింది. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఇంకోటి పెట్టుకుంది.

"పచ్చిపులుసు జెర ఇటు జరుపు," అంది.